జర్మనీ గంటలు, మన గంటలు

మా ఫ్యాక్టరీకి జర్మనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చిన ఏడాదే మా అక్క మొగుడి కుడిచెయ్యి పోయింది. ఈ రెండింటికీ సంబంధం ఉందంటుంది అక్క. లేదంటాడు బావ. ఆ ఇంజనీరుకీ బావకీ మధ్య మాటలు మోసినవాణ్ణి నేనే కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పగలను. ఎవరిది తప్పో చెప్పమంటే మాత్రం నాకూ చేతకాదు.

మాది శ్రీకాకుళం వైపు. తాత రైలుపట్టాల పనికి టాటానగర్ వచ్చాడు. నాన్న అదే రైల్వేలో రిటైరయ్యాడు. మా తరానికి వచ్చేసరికి రైల్వే తలుపు మూసుకుంది, పెద్ద కార్ఖానా తలుపు మాకెప్పుడూ తెరుచుకోలేదు. దాంతో నేనూ బావా ఖర్కాయి నదికి అవతల, చిన్న ఫ్యాక్టరీలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉండే వాడలో, ఒక ఉక్కురేకుల కంపెనీలో కాంట్రాక్టు మీద చేరాం. నేను ఎలక్ట్రీషియన్ని, బావ మిషన్ ఆపరేటరు. పర్సుడీహ్‌లో పక్కపక్క వీధుల్లో ఉండేవాళ్లం. ఒకే బండి మీద వెళ్లి ఒకే బండి మీద వచ్చేవాళ్లం.

ఆ ఏడాది యజమాని జర్మనీ నుంచి కొత్త మిషన్ తెప్పించాడు. చాపచుట్టలా చుట్టిన ఉక్కురేకును విప్పి, రోలర్ల మధ్య పంపి, చదును చేసి కోసే మిషన్. దాన్ని బిగించి నడిపించి మాకు నేర్పడానికి వాళ్ల మనిషి ఒకాయన వచ్చాడు. ఆయనకు హిందీ రాదు. మా షెడ్డులో ఎవరికీ ఇంగ్లీషు రాదు, నాకు తప్ప. కుర్రతనంలో గల్ఫ్ వెళ్దామని కాసిడీహ్‌లో ఒక మాస్టారి దగ్గర సాయంత్రాలు ఇంగ్లీషు నేర్చుకున్నాను. గల్ఫ్ వెళ్లలేదు గానీ ఇంగ్లీషు మిగిలిపోయింది. అందుకని మేనేజరు నన్ను ఆయన పక్కన పడేశాడు.

ఆయనకు యాభై దాటాయి. మా బావ ఈడే. కానీ ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే బావ పదేళ్లు పెద్దవాడిలా ఉండేవాడు. మనిషి మంచివాడు. గట్టిగా మాట్లాడేవాడు కాదు, ఎవర్నీ విసుక్కునేవాడు కాదు. మిషన్ ఆపరేటరుగా బావను పెట్టారు గనక రోజంతా బావ చేతులవంకే చూస్తూ, నా నోటి ద్వారా నేర్పేవాడు. ఒక్క విషయంలో మాత్రం రాయి. రోలర్ల ముందు ఒక ఇనుప జాలీ ఉండేది, చేతులు లోపలికి పోకుండా. అది బిగించకుండా మిషన్ మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. రేకు ఇరుక్కుంటే మిషన్ ఆపాలి, జాలీ విప్పాలి, రేకు సరిచెయ్యాలి, మళ్లీ జాలీ బిగించాలి, అప్పుడు నడపాలి. ఎంత ఆలస్యమైనా అంతే.

సాయంత్రం నాలుగయ్యేసరికి ఆయన పని ఆపేసేవాడు. పనిముట్లు గుడ్డతో తుడిచి పెట్టెలో సర్ది, జాలీ బోల్టులు చేత్తో ఒకసారి తడిమి చూసి, చేతులు కడుక్కుని, కారెక్కి గెస్ట్‌హౌస్‌కి వెళ్లిపోయేవాడు. మొదటివారం మేం ఆయనకు ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాం. తర్వాత అలవాటైంది. ఆయన పెట్టె మూత చప్పుడవగానే ఎవరో ఒకరు “జర్మనీ టైమ్ హో గయా” అనేవాళ్లు. అందరూ నవ్వేవాళ్లు.

ఒకరోజు మేనేజరు స్వయంగా వచ్చి, యజమాని మిషన్ చూడ్డానికి బయల్దేరాడు, ఇంకో గంట ఉండమని బతిమాలాడు. ఆయన వాచీ చూసుకుని, “ఇవాళ్టి నా పని అయిపోయింది. రేపు పొద్దున్న వారికి చూపిస్తాను,” అన్నాడు. అని వెళ్లిపోయాడు. మేనేజరు ఖాళీ గుమ్మంవంక చూస్తూ నిలబడ్డాడు.

“ఆడికి బయ్యం నేదేట్రా?” అన్నాడు బావ నాతో మెల్లిగా.

“బయ్యమెందుకు బావా, ఆల్ల దేశంలో అలాగేనట.”

“ఆల్ల దేశం కాదు గదా ఇది.”

“ఆయన ఏ దేశంలో ఉన్నా ఆయన టైము ఆయన్దే.”

“బాగున్నాది,” అన్నాడు బావ. ఆ మాటలో వెటకారం లేదు. పెళ్లిలో పక్కింటాళ్ల పిల్ల నగలు చూసి అన్నట్టు అన్నాడు.

గంటల సంగతి ఆయనే ఎత్తాడు. మధ్యాహ్నం చాయ్ తాగుతూ, బావ ఏడాదికి ఎన్ని గంటలు పనిచేస్తాడో అడగమన్నాడు.

“ఏడాదికా?” అన్నాడు బావ. “నెలకే తెల్దు. ఏడాదికేటి సెప్తాం?”

ఆయన ఫోన్ తీసి ఒక పట్టిక చూపించాడు. ఏ దేశంలో మనిషి సగటున ఏడాదికి ఎన్ని గంటలు పనిచేస్తాడో వరసగా గీతలు గీసి పెట్టారు. వాళ్ల దేశం గీత అట్టడుగున, పొట్టిగా ఉంది. మన దేశం గీత పైనెక్కడో ఉంది, బారుగా. ఆయన రెండు గీతల మీదా వేలు పెట్టి చూపించి, ఇంత తేడా ఉంటుందని తను అనుకోలేదని, మీ ఆరోగ్యాలు ఎలా నిలుస్తున్నాయని అడిగాడు.

“పైనుంటే మంచిదేనేట్రా?” అన్నాడు బావ.

“పైనున్నోల్లు ఎక్కువ పన్జేత్తన్నట్టు.”

“అయితే మనం ఫస్టొచ్చీసినాం.” నవ్వాడు. మళ్లీ ఫోన్‌వంక వంగి చూసి, “ఈ లెక్క ఆల్లకి ఎవులు సెప్పినారు? నన్నెవులూ అడగనేదే,” అన్నాడు.

ఆ మాట ఆయనకు చెప్పాను. ప్రభుత్వాలు ఇళ్లకు వెళ్లి అడుగుతాయని, కంపెనీల హాజరు చూస్తాయని చెప్పాడు ఆయన. హాజరు అనగానే బావ నా మొహంలోకి చూశాడు.

మా హాజరు సంగతి ఇది. నాలుగింటికి షిఫ్టు అయిపోయిందని సైరన్ మోగగానే అందరం గేటు దగ్గర వరసగా నిలబడి మిషన్‌లో వేలు పెట్టేవాళ్లం. ఎనిమిది గంటలు పనిచేసి ఇంటికి వెళ్లిపోయినట్టు మిషన్ రాసుకునేది. వేలు తీసి, వెనక్కి తిరిగి మళ్లీ షెడ్డులోకి వచ్చేవాళ్లం. మళ్లీ బయటపడేసరికి రెండు గంటలో, మూడు గంటలో. దాన్ని ఓవర్‌టైమ్ అనేవాళ్లు కాదు, ‘సపోర్ట్’ అనేవాళ్లు. “జరా సపోర్ట్ కరో భాయ్” అనేవాడు సూపర్‌వైజరు. సపోర్ట్ చెయ్యనివాడి పేరు వచ్చేనెల కాంట్రాక్టరు జాబితాలో ఉండదు. చేసినవాడికి దీపావళికి ఒక స్వీట్ డబ్బా.

“సెప్పీయ్. సెప్తే ఏటవుద్ది?” అన్నాడు బావ.

చెప్పాను. ఆయన మొదట నమ్మలేదు. నేను తప్పుగా అంటున్నానేమో, ఇంగ్లీషులో పొరపాటేమో అనుకుని మళ్లీ చెప్పించుకున్నాడు. అర్థమయ్యాక ఫోన్‌వంక చూసి, “అయితే ఈ సంఖ్య తప్పన్నమాట,” అన్నాడు.

ఆయన ముందుగా అన్న మాట అదీ. ఇప్పటికీ నా చెవిలో ఉంది. నిజం చెప్పాలంటే ఆయన అక్కడితో ఆగలేదు. మేనేజరు దగ్గరికెళ్లి అడిగాడు. మావాళ్లు ఇష్టపడి ఉంటారు, మాది ఒక కుటుంబం లాంటిది అని మేనేజరు చెప్పి పంపాడు. ఆయన వెళ్లాక నన్ను పిలిచి, “నువ్వు మిషన్ మాటలు మాత్రమే తర్జుమా చెయ్యి. ఇంటి మాటలు కాదు,” అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకే మేనేజరు అందర్నీ క్యాంటీన్ హాల్లో కూర్చోబెట్టాడు. ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మ వేశాడు. చూద్దును కదా, అవే రెండు గీతలు. పొట్టిది వాళ్లది, బారుది మనది. ఆయన ఫోన్‌లో చూపించిన ముక్క ఈయన చేతిలో ఇలా తిరగబడింది.

“చూడండి,” అన్నాడు హిందీలో. “వాళ్లు ఇంత కొద్ది గంటల్లో ప్రపంచానికి మిషన్లు చేసి పంపుతున్నారు. మనం ఇన్ని గంటలు ఉండి ఏం చేస్తున్నాం? కబుర్లు, ఖైనీ, చాయ్.”

వెనకనుంచి ఎవరో, “వాళ్ల దగ్గర మంచి మిషన్లున్నాయి సాబ్,” అన్నారు.

“ఇప్పుడు మీ దగ్గరా ఉంది. మరి వాళ్లలా చేసి చూపించండి.”

వాళ్లలా నాలుగింటికి ఇంటికి పొమ్మని కాదు దానర్థం. మర్నాటి నుంచి మధ్యాహ్నం చాయ్ విరామం తీసేశారు. చాయ్ మిషన్ దగ్గరికే వస్తుందన్నారు. హాల్లో ముందు వరసలో కూర్చున్న జర్మనీ ఆయన నావైపు వంగి, ఏమంటున్నాడని అడిగాడు. “మీ దేశాన్ని మెచ్చుకుంటున్నాడు,” అన్నాను. ఆయన కొంచెం సిగ్గుపడ్డట్టు తల ఊపాడు.

మిషన్‌ని కంపెనీకి అప్పజెప్పే గడువు దగ్గరపడింది. సరుకు ముందే ఒప్పుకుని ఉన్నారు. పగలు ఆయన ఉన్నంతసేపూ మిషన్ ఆయన పద్ధతిలో నడిచేది. సైరన్ మోగి, ఆయన కారు గేటు దాటి, మేం వేళ్లు పెట్టి తిరిగొచ్చాక అదే మిషన్ ఇంకో పద్ధతిలో నడిచేది. ఇరుక్కున్నప్పుడల్లా జాలీ విప్పుతూ బిగిస్తూ కూర్చుంటే సరుకు ఎప్పటికి తేలుతుంది అనేవాడు సూపర్‌వైజరు. “జాలీ తీసెయ్. పొద్దున్న సాబ్ వచ్చేలోపు పెట్టేద్దువు గాని.” బావ మొదటిరోజు గొణిగాడు. తర్వాత రోజుల్లో ఆయన కారు వెళ్లగానే తనే పానా తీసుకునేవాడు. ఆ వారమంతా అలాగే నడిచింది.

ఆరోజు ఇంకా పొద్దు గూకలేదు. షెడ్డు పైరేకుల సందుల్లోంచి ఎండ పడుతూనే ఉంది. నేను ప్యానెల్ దగ్గర ఫ్యూజు చూస్తున్నాను. రేకు అంచు వంకరగా వస్తోందని బావ చేత్తో తట్టాడు. గ్లవ్ కొస రోలర్ల మధ్య పట్టుకుంది. అరుపు వినలేదు నేను. మిషన్ చప్పుడు మారడం విన్నాను. ఎర్రబొత్తాం మీద నా అరచెయ్యి పడింది. మిషన్ చెప్పినట్టు ఠక్కున ఆగింది. అంత మంచి మిషన్ అది. అయినా అప్పటికే నాలుగు వేళ్లూ లోపల ఉన్నాయి.

రోలర్లు ఎత్తి బయటికి తీశాక బావ ఒకసారి చూసుకుని చూపు తిప్పుకున్నాడు. “మీ అక్కకి ఇప్పుడే సెప్పకు,” అన్నాడు.

ఆస్పత్రిలో వేళ్లు నిలబెట్టలేమన్నారు. బొటనవేలు సగం మిగిలింది. అక్క ఆటోలో వచ్చి, వరండాలో నన్ను చూసి ఒకటే అడిగింది. “ఏ సెయ్యి?” నేను నా కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. ఆమెకు అర్థమైంది.

మర్నాడు మేనేజరు మాట మారింది. షిఫ్టు అయిపోయి, హాజరు వేసి బయటికి పోయిన మనిషి అనుమతి లేకుండా లోపలికి వచ్చాడు, తనంత తానే జాలీ విప్పాడు, చేతులారా కొని తెచ్చుకున్నాడు అన్నాడు. మానవత్వంతో ఆస్పత్రి ఖర్చు తామే పెట్టుకుంటామన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో నిజంగానే జాలి ఉంది.

నేను గెస్ట్‌హౌస్‌కి వెళ్లాను. ఆయన లాన్‌లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మేం షిఫ్టు తర్వాత కూడా ఉంటామని మీకు తెలుసు. ఆ మాట చెప్పండి,” అన్నాను.

“నువ్వు చెప్తే తెలుసు.”

“అదే చెప్పండి.”

“నేను చూడలేదు. చూడనిది చూశానని చెప్పలేను. చూసింది మాత్రం రాసిస్తాను, పూర్తిగా, నిజంగా.”

అలాగే రాసిచ్చాడు. తను వెళ్లేటప్పుడు మిషన్ ఆపి ఉందని, జాలీ బిగించి ఉందని, జాలీ లేకుండా నడపకూడదని ఆపరేటరుకి ఎన్నోసార్లు నేర్పానని. ఒక్క అక్షరం అబద్ధం లేదు. మేనేజరు ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నంత పని చేశాడు. బావ తనంత తానే జాలీ విప్పాడనడానికి అంతకన్నా పెద్ద రుజువు ఏముంది?

వెళ్లిపోయే ముందు ఆయన ఆస్పత్రికి వచ్చాడు, సంచినిండా కమలాపళ్లతో. మంచం పక్కన కూర్చుని బావ ఎడమచేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“ఊరికి ఎప్పుడెల్తన్నారో అడగరా,” అన్నాడు బావ.

ఎల్లుండి. అక్కణ్ణుంచి భార్యతో కలిసి సముద్రం ఒడ్డుకు వెళ్తున్నాడు, సెలవుకి. పోయినేడాదే నిర్ణయించుకున్న సెలవట. ఇప్పుడు మానుకుందామనిపిస్తోంది గానీ భార్య ఎదురుచూస్తోంది అన్నాడు.

“సెలవెన్నాల్లట?”

“మూడు వారాలు.”

“మంచిది. మానొద్దని సెప్పు. ఎల్లి రమ్మను.”

అది నేను తర్జుమా చేశాను. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. అక్క గోడవార నిలబడి చూస్తూ ఉంది. ఆయన మెట్లు దిగాక కమలాపళ్ల సంచి తీసుకెళ్లి పక్కమంచం వాళ్లకు ఇచ్చేసింది.

“పాపం, ఆయన సూడనేదు గదే,” అన్నాడు బావ.

“ఎలా సూత్తాడు? సూడక్కర్లేని టైముకి ఎల్పోయీవోడు గదా,” అంది అక్క.

కార్మికశాఖ ఆఫీసులో విచారణ జరిగింది. షెడ్డులో ఆ సాయంత్రం పదిమందికి పైనే ఉన్నాం. సాక్ష్యానికి నేనొక్కణ్ణే వెళ్లాను. తక్కినవాళ్లనేమీ అనను. వాళ్లకు వచ్చేనెల జాబితా ఉంది. అధికారి పెద్దమనిషే. నన్ను కూర్చోమని, మంచినీళ్లిప్పించి అడిగాడు.

“ప్రమాదం జరిగినప్పుడు మీరెక్కడున్నారు?”

“లోపల. పనిలో.”

హాజరు కాగితాలు తిప్పాడు. “మీరు కూడా అప్పటికి బయటికి వెళ్లిపోయినట్టుంది.”

“వేలు పెట్టి మళ్లీ లోపలికి వెళ్తాం సర్. రోజూ అంతే.”

“రోజూ అని చూపించడానికి ఏముంది?”

ఏముంది? నా నోరుంది, అంతే. అనుమతి లేకుండా లోపలికి వచ్చిన ఇద్దరు ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకుంటున్నారు అన్నాడు కంపెనీ వకీలు. మా కాంట్రాక్టరు ఆ మాటకు తల వంచుకున్నాడు గానీ కాదనలేదు. చివర్న సంతకం పెట్టమంటే బావ ఎడమ బొటనవేలు చాపాడు. గుమాస్తా “సంతకం రాదా?” అని, తలెత్తి చూసి, “సరే, వేలిముద్రే వెయ్యండి,” అన్నాడు.

విచారణలో కంపెనీ మాటే నెగ్గింది. కంపెనీ ఏదో కొంత ముట్టజెప్పింది, దయతో ఇస్తున్నట్టు రాయించుకుని. వచ్చేనెల జాబితాలో నా పేరు లేదు. ఇంకో ఫ్యాక్టరీలో చేరడానికి నాకు వర్షాకాలం అంతా పట్టింది. జర్మనీ ఆయన కొత్త సంవత్సరానికి ఒకసారి ఫోన్‌లో సందేశం పంపాడు, మీ బావ ఎలా ఉన్నాడని. జవాబు రాద్దామని మొదలుపెట్టి ఇంగ్లీషు మాటలు దొరక్క మానేశాను. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. నాకు మింగుడుపడనిది అదే. మేనేజరునైతే తిట్టుకుంటాను, నిద్ర పడుతుంది. తనకున్న హక్కును తను వాడుకుని, తను చూసిన నిజాన్ని తను చెప్పి, తన సెలవుకి తను వెళ్లిపోయిన మనిషిని ఏమని తిట్టను? వాళ్ల దేశంలో అందరూ అలా ఉండబట్టే ఆ గీత పొట్టిగా ఉండి ఉంటుంది. ఇక్కడ ఒక్కడు అలా ఉంటే, ఆ ఒక్కడే క్షేమంగా ఉన్నాడు.

మనిషి సగటున ఏడాదికి ఎన్ని గంటలు పనిచేస్తాడో చెప్పే వార్తలు ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్‌లో కనిపిస్తాయి. మనవాళ్లు ఇంకా ఎక్కువ పనిచెయ్యాలని ఒక పెద్దాయన అంటాడు, వద్దని ఇంకో పెద్దాయన అంటాడు. నేను చదవను.

బావకు ఇప్పుడు మాంగో అనే పేటలో ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ పని. పన్నెండు గంటలు, వారానికి ఏడు రోజులూ. ఏజెన్సీ వాళ్ల కాగితంలో ఎనిమిదే ఉంటాయట. పండగలకు సెలవడిగితే, పండగనాడే కదా వాచ్‌మన్ కావాల్సింది అంటారు. చెయ్యి పోయాక బావ పనిగంటలు పెరిగాయి. అక్క పొద్దున్నే లేచి ఒక హాస్టల్లో వంటకు పోతుంది, సాయంత్రం ఇంకోచోట.

మొన్నొక ఆదివారం మేనకోడలూ నేనూ బావకి అన్నం పట్టుకెళ్లాం. తనిప్పుడు కాలేజీలో చదువుతోంది. తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. మేం వెళ్లేసరికి బావ డ్యూటీ అయిపోయి ఉండాల్సింది. బదులు రావాల్సినవాడు రాలేదు.

“పాపా, మనా కర్ దో నా,” అంది మేనకోడలు తండ్రితో. కుదరదని చెప్పేయమని.

“కుదరదంటే రేపట్నించి ఆ రానోడే పర్మినెంటు, నాను ఇంటికాడ,” అన్నాడు బావ.

గేటు పక్క చిన్న గదిలో గోడవైపు తిరిగి కూర్చుని గిన్నె మూత తీశాడు. ఎడమచేత్తో తినడం ఎవరైనా చూస్తే అతనికి ముద్ద దిగదు. చెంచా ఇంకా అలవాటు కాలేదు. మేనకోడలు గుమ్మానికి అడ్డంగా, వీపు అటు పెట్టి నిలబడింది. నేను బయట స్టూలు మీద కూర్చున్నాను.

ఇంతలో కారు హారన్ కొట్టింది. “నువ్వు తిను బావా,” అని నేనే లేచి గేటు తీశాను. కారులోని మనిషి అద్దం దించి నన్ను ఎగాదిగా చూశాడు.

“గార్డ్ కహాఁ హై?”

“అన్నం తింటున్నాడు.”

“డ్యూటీ టైమ్‌లోనా?” అన్నాడు.

లోపల చెంచా కిందపెట్టిన చప్పుడైంది. మేనకోడలిని పక్కకు జరిపి, టోపీ పెట్టుకుంటూ బావ బయటికొచ్చాడు. ఎడమచెయ్యి ఎత్తి సలాం చేశాడు.